అడవి అంచున గుండె చప్పుడు

పాఠ్యభాగ ఉద్దేశం

ఆటలలో రాణించే బాలబాలికల గుండెను దూరప్రాంతం నుండి పరీక్షించే విధానాన్ని, భద్రాచలం అటవీ సీమలో దాని అవసరాన్ని, దాని పరిమితులను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సారపాక వైపు నుండి గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరి, అక్కడి నుండి దుమ్ముగూడెం మీదుగా చర్ల దాకా సాగిపోతే పొలాలు క్రమంగా పలచబడి అడవి దగ్గరవుతుంది. చర్ల దాటిన తరువాత ఛత్తీస్‌గఢ్ ఎంతో దూరం లేదు. ఈ సీమ అంతా ఒకప్పుడు ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనిది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మిగిలిన అటవీ ప్రాంతం చాలావరకు 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. ఎల్లలు మారినా కోయగూడేల జీవితం పెద్దగా మారలేదు. బడికి నడక, సంతకు నడక, వర్షాకాలంలో వాగు దాటడానికి సాహసం అక్కడి పిల్లలకు నిత్యకృత్యాలే.

అటువంటి చర్ల మండలం నుండి వచ్చిన సాధనపల్లి ఆనంద్‌కుమార్, నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. సముద్రమట్టంలో మనకు లభించే ప్రాణవాయువులో దాదాపు మూడోవంతు మాత్రమే దొరికే ఆ ఎత్తున వారి లేత గుండెలు ఎంత శ్రమించి ఉంటాయో ఊహించవచ్చు. భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2023లోను, 2025లోను పందొమ్మిదేళ్లలోపు మహిళల ప్రపంచకప్ క్రికెట్‌లో విజేతగా నిలిచిన భారతజట్టు సభ్యురాలు. పాల్వంచ సమీపాన కిన్నెరసానిలో గిరిజన విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక క్రీడా పాఠశాలే ఉన్నది.

పట్టణంలోని పిల్లవానికి ఆట సాయంకాలపు వినోదం కావచ్చు. అడవి అంచున ఉన్న పిల్లకు అది వసతిగృహంలో చోటు, మూడుపూటలా భోజనం, పై చదువులకు క్రీడాకోటాలో ప్రవేశం, అదృష్టం కలిసివస్తే రైల్వేలోనో, పోలీసుశాఖలోనో ఉద్యోగం. కనుక ఆ పిల్ల గుండెను గురించి చెప్పే ఏ మాటకైనా రెండు వైపులా పదును ఉంటుంది. దాగి ఉన్న జబ్బును గుర్తించకపోతే ప్రాణానికి ముప్పు. లేని జబ్బును ఉన్నదని భ్రమపడి ఆట మాన్పిస్తే బ్రతుకుతెరువుకు ముప్పు.

తెలుగువారు ధైర్యానికీ దుఃఖానికీ కూడా గుండెనే సాక్షిగా పిలుస్తారు. గుండెనిబ్బరం అంటారు, గుండెకోత అంటారు. వైద్యుని దృష్టిలో మాత్రం అది పిడికిలంత కండరం. కుడివైపు పై గదిలో పుట్టిన చిన్న విద్యుత్ ప్రేరణ గుండె అంతటా క్రమపద్ధతిలో ప్రసరించగా ఆ కండరం ముడుచుకొని రక్తాన్ని పంపుతుంది. ఈ విద్యుత్ మార్గంలోగాని, కండరం నిర్మాణంలోగాని పుట్టుకతోనే లోపం ఉన్నవారు కొందరుంటారు. వారు మామూలుగా ఉన్నంతసేపు ఏ బాధా తెలియకపోవచ్చు. తీవ్రంగా పరుగెత్తినప్పుడు లయ తప్పి, గుండె కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. రక్తప్రసరణ ఆగిపోతుంది. 2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఆడుతూ ఆడుతూనే కుప్పకూలిన కామెరూన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు మార్క్ వివియన్ ఫోయె మరణించాడు. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ అదేవిధంగా పడిపోయినా, మైదానంలోనే తక్షణ చికిత్స అందినందువలన బ్రతికి, మళ్ళీ ఆటలో అడుగుపెట్టాడు.

ఇటువంటి జబ్బులలో ప్రధానమైనది గుండె కండరం అసహజంగా మందమయ్యే జబ్బు. సుమారు అయిదువందల మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. వారిలో అత్యధికులకు ఏ ప్రమాదమూ జరగదు. అయినా ఆ కొద్దిమందిని ముందుగా గుర్తించాలన్న ఆలోచనతో ఇటలీ దేశం 1982లో పోటీక్రీడలలో పాల్గొనే యువకులందరికీ ఇ.సి.జి.తో కూడిన వైద్యపరీక్షను తప్పనిసరి చేసింది. వెనెటో ప్రాంతంలో 1979-80లో ఏడాదికి లక్షమంది క్రీడాకారులకు 3.6గా ఉన్న ఆకస్మిక మరణాలు 2003-04 నాటికి 0.4కు తగ్గినట్లు అక్కడి వైద్యులు 2006లో ప్రకటించారు. ఈ లెక్కలు చూచి ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. అయితే ఇజ్రాయెల్ కూడా 1997లో అటువంటి చట్టమే చేయగా, మరణాలు తగ్గిన దాఖలా కనబడలేదని 2011లో అక్కడి పరిశోధకులు తేల్చారు. అమెరికాలోని హృద్రోగ నిపుణుల సంఘం ప్రతి క్రీడాకారునికీ ఇ.సి.జి. తీయాలన్న వాదాన్ని అంగీకరించలేదు. నిపుణుల మధ్య ఈ వాదం నేటికీ ముగియలేదు. పరీక్ష ఒక్కటే ప్రాణం కాపాడుతుందని ఎవరైనా అంటే ఆ మాటను కొంత జాగ్రత్తగానే వినాలి.

గుండెను దూరం నుండి పరీక్షించడం కొత్త సంగతి అనుకుంటాము గాని, ఇ.సి.జి. ఎంత పాతదో ఈ పద్ధతీ ఇంచుమించు అంత పాతదే. నెదర్లాండ్స్ దేశంలోని లైడెన్ నగరంలో విల్లెమ్ ఐంథోవెన్ అనే శాస్త్రజ్ఞుడు ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో గుండె విద్యుత్తును నమోదుచేసే యంత్రాన్ని నిర్మించాడు. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి అయిదుగురు మనుషులు కావలసివచ్చేది. రోగి చేతులను, కాలిని ఉప్పునీటి తొట్లలో ఉంచి కూర్చోవాలి. యంత్రాన్ని ఆసుపత్రికి మోసుకుపోవడం అసాధ్యం. రోగులను ప్రయోగశాలకు తీసుకురావడం కష్టం. అప్పుడు ఐంథోవెన్ ఆసుపత్రి నుండి తన ప్రయోగశాలకు దాదాపు ఒకటిన్నర కిలోమీటరు పొడవున టెలిఫోను తీగ వేయించి, 1905లో ఆ తీగ మీదుగా గుండె సంకేతాలను రప్పించి నమోదు చేశాడు. మనిషి కదలలేనిచోట సంకేతం కదిలింది. ఆయనకు 1924లో నోబెల్ బహుమతి లభించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆలోచన చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో రూపుదిద్దుకొన్నది. అక్కడి అపోలో ఆసుపత్రిలో నెలకొల్పిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించాడు. 2001లో ఇస్రో సంస్థ ఉపగ్రహం ద్వారా అరగొండను చెన్నై ఆసుపత్రితో అనుసంధానించింది. ఆనాడు అంత పెద్ద డిష్ యాంటెన్నా చేసిన పనిని నేడు జేబులోని సెల్‌ఫోను చేస్తున్నది. భాభా అణు పరిశోధన కేంద్రం చేతిలో ఇమిడిపోయే ఇ.సి.జి. యంత్రాన్ని రూపొందించింది. అది తీసిన రేఖలు ఫోనుకు చేరి, ఫోను నుండి వైద్యునికి చేరుతాయి. 2012లో హర్యానాలోని సిర్సా వద్ద జరిగిన ఒక శిబిరంలో వేయికి పైగా ఎకో పరీక్షల చిత్రాలను ఇంటర్నెట్ ద్వారా పంపగా, వివిధ దేశాల వైద్యులు తమ తమ స్థానాల నుండే వాటిని పరిశీలించి అభిప్రాయం తెలిపారు. 2019లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఇ-సంజీవని సేవ పల్లె ఆరోగ్యకేంద్రాలను దూరాన ఉన్న వైద్యులతో కలుపుతున్నది.

ఈ పరికరాలతో ఒక ఆశ్రమ పాఠశాలలో పరీక్ష జరపవలసివస్తే ఏమేమి కావాలో చూద్దాం. పరుగెత్తి వచ్చిన పిల్లను కొంతసేపు విశ్రాంతిగా పడుకోబెట్టాలి. చెమటను, దుమ్మును శుభ్రంగా తుడిచి ఛాతీమీద ఆరుచోట్ల, కాళ్లకు చేతులకు నాలుగుచోట్ల ఎలక్ట్రోడ్లు అమర్చాలి. ఆ పదింటి నుండి పన్నెండు కోణాలలో గుండె చిత్రం వస్తుంది. నమోదు చేయడానికి పట్టే కాలం పది సెకన్లు. కాని అమర్చే చెయ్యి రెండు వేళ్ల మందం పైకో కిందికో జరిగితే రేఖలు మారిపోతాయి. అవతల ఉన్న వైద్యునికి రేఖలే కనబడతాయి గాని ఆ చెయ్యి కనబడదు. బాలికల విషయంలో తలుపులు వేసిన గది, పరీక్షించడానికి స్త్రీ ఉద్యోగి తప్పనిసరి. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. ఆ ఏర్పాటు లేనిచోట బాలికలు పరీక్షకు ముందుకు రారు. వచ్చినా బిగుసుకుపోయి పడుకొంటారు. కండరాలు బిగిస్తే రేఖలు గజిబిజి అవుతాయి.

ఇక ఫోను సంకేతాల మాట. అడవిలో సంకేతం ఒక గుట్టమీద ఉంటుంది, మరొక గుట్ట వెనుక ఉండదు. అదృష్టవశాత్తు ఇ.సి.జి. సమాచారం పరిమాణం చాలా తక్కువ. యంత్రంలో భద్రపరచి, సాయంకాలం సంకేతం ఉన్నచోటికి వచ్చిన తరువాత పంపినా సరిపోతుంది. కదిలే చిత్రాలతో కూడిన ఎకో పరీక్షకు మాత్రం ఆ వెసులుబాటు తక్కువ.

యంత్రం కన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. అది ప్రశ్నలు అడగడం. "పరుగెత్తేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పిందా?" అన్నది మొదటి ప్రశ్న. ప్రార్థన సమయంలో ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోవడం వేరు. పరుగు మధ్యలో ఉన్నట్టుండి పడిపోవడం వేరు. మొదటిది చాలావరకు భయపడవలసినది కాదు. రెండవదానిని ఎన్నడూ తేలికగా తీసుకోరాదు. "మీ కుటుంబంలో చిన్న వయస్సులో హఠాత్తుగా మరణించినవారు ఉన్నారా?" అన్నది రెండవ ప్రశ్న. ఈ ప్రశ్నకు అచ్చు కాగితం మీద 'లేదు' అని గీత పెట్టడం సులభం. గూడెంలో మరణానికి వైద్యుడు కారణం రాయడం అరుదు. పాము కరిచిందని, వాగులో మునిగిపోయాడని, గాలి సోకిందని చెప్పుకొంటారు. ఈత బాగా వచ్చిన యువకుడు లోతులేని నీటిలో మునిగిపోయాడంటే అది గుండెలయకు సంబంధించిన వంశపారంపర్య లోపం కూడా కావచ్చు. అటువంటి లోపాలలో ఒకదానికి ఈతే ప్రేరేపకమని వైద్యులు కనుగొన్నారు. కనుక ఈ సంగతి పిల్లను గాక తల్లినో, నాయనమ్మనో, వారి కోయభాషలో, తీరికగా కూర్చుని అడగాలి. "అమ్మా, ఆ అబ్బాయికి ఈత వచ్చునా? అంతకుముందెప్పుడైనా పడిపోయాడా?" అని అడిగే కార్యకర్త దొరికితే, ఆమె విన్న జవాబు ఒక్కొక్కసారి యంత్రం చెప్పినదానికన్నా విలువైనదవుతుంది.

మరొక విషయంలో ఇటలీ అనుభవం మనకు పూర్తిగా అక్కరకు రాదు. అక్కడ వెదకినవి అరుదైన వంశపారంపర్య వ్యాధులు. ఇక్కడ పేదపిల్లల గుండెకు ఎక్కువగా పొంచి ఉన్న శత్రువు గొంతునొప్పి రూపంలో వస్తుంది. అయిదు నుండి పదిహేనేళ్లలోపు పిల్లలకు స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వలన గొంతునొప్పి వస్తే, సరైన చికిత్స జరగనప్పుడు కొందరిలో కీళ్లు వాచి జ్వరం వస్తుంది. రుమాటిక్ జ్వరం అనే ఆ వ్యాధి కీళ్లను తాకి వదిలిపోతుంది గాని గుండె కవాటాలను శాశ్వతంగా చెడగొడుతుంది. ఇరుకైన గదులు, ఒకే పాకలో పదిమంది నిద్రించడం, ఆరోగ్యకేంద్రం దూరం కావడం ఈ వ్యాధికి అనుకూలమైన పరిస్థితులు. తొలిదశలో దీనిని ఇ.సి.జి. చూపలేకపోవచ్చు. ఒడుపుగా స్టెతస్కోపు పెట్టి వినే చెవి, లేదా చేతిలో పట్టే చిన్న ఎకో యంత్రం చూపుతుంది. గుర్తించిన తరువాత మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూదిమందు ఇస్తూ పోతే కవాటాలు మరింత చెడకుండా కాపాడవచ్చు. క్రీడాకారుల గుండె పరీక్ష పేరుతో ఇ.సి.జి. యంత్రం మాత్రమే పట్టుకువెళ్లి ఈ జబ్బును చూడకుండా తిరిగిరావడం, నా దృష్టిలో, చెరువుకు పోయి నీరు తేకుండా వచ్చినట్లే.

గిరిజనులలో కనబడే సికిల్ సెల్ లోపం కూడా పేర్కొనదగినది. తల్లిదండ్రులిద్దరి నుండి ఈ లక్షణం సంక్రమించిన పిల్లలు తీవ్రమైన రక్తహీనతతో బాధపడతారు. ఒకరినుండి మాత్రమే సంక్రమించినవారు ఆరోగ్యంగానే ఉంటారు, ఆడవచ్చు కూడా. అయితే మండుటెండలో నీరు తాగకుండా, విరామం లేకుండా పరుగెత్తిస్తే వారిలో కొందరు ప్రమాదకరంగా కుప్పకూలవచ్చు. 2023 జూలై 1న కేంద్రప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమాన్ని ప్రారంభించింది. దాని కింద జరిగే రక్తపరీక్ష వివరాలు వ్యాయామోపాధ్యాయునికి ఉపయోగపడాలి గాని, ఆ పిల్లను జట్టునుండి తొలగించడానికి కారణం కారాదు.

రేఖలు దూరాన ఉన్న వైద్యుని చేరాయనుకొందాం. ఇక్కడే అసలైన చిక్కు. నిత్యం సాధన చేసే క్రీడాకారుల గుండె తన పనికి తగినట్లుగా మారుతుంది. గదులు కొంత పెద్దవవుతాయి; కండరం కొంత బలపడుతుంది; విశ్రాంతిలో నాడి నిమిషానికి యాభైకి, ఒక్కొక్కప్పుడు అంతకన్నా దిగువకు పడిపోతుంది. మామూలు మనిషిలోనైతే జబ్బు అనిపించే రేఖలు వీరిలో ఆరోగ్య చిహ్నాలు. పదహారేళ్లలోపు పిల్లల ఛాతీ కుడివైపు రేఖలలో టి-తరంగం తలకిందులుగా కనబడటం కూడా సహజమే. క్రీడాకారుల ఇ.సి.జి.ని చదివే పద్ధతులను నిపుణులు కూర్చుని నిర్ణయించారు. 2017లో అంతర్జాతీయ ప్రమాణాలు వెలువడ్డాయి. కాని వాటికి ఆధారం ఎక్కువగా ఇతర ఖండాల క్రీడాకారులు. కోయగూడెపు పద్నాలుగేళ్ల బాలిక గుండెరేఖలు ఎలా ఉండాలో ఆ కొలబద్దలు నేరుగా చెప్పలేవు. వందల రేఖలను ఒకే రాత్రి చూడవలసివచ్చిన వైద్యుడు సందేహం వచ్చినచోటల్లా 'అసహజం' అని రాసి ఊరుకొంటే ఆయనకు సుఖమే. ఆ ఒక్క మాటతో ఇక్కడ ఒక పిల్ల చెప్పులు వేసుకొని మైదానం విడిచిపోతుంది.

కనుక మొదటి ఇ.సి.జి. తీర్పు కాదు, ప్రశ్న మాత్రమే. సందేహం ఉన్నవారికి స్టెతస్కోపు పరీక్ష, ఎకో, అవసరమైతే నడక యంత్రంపై పరీక్ష జరగాలి. అవి పూర్తయ్యేవరకు ఆటకు విరామం ఇవ్వడం న్యాయమే. వసతిగృహంలో చోటు తీసివేయడం న్యాయం కాదు. లోపం నిజమని తేలినా అన్నిటికీ ఒకే జవాబు ఉండదు. గుండెలో అదనపు విద్యుత్ మార్గం ఉన్నవారికి సన్నని గొట్టం ద్వారా ఆ మార్గాన్ని తొలగిస్తే చాలామంది పూర్తిగా నయమై మళ్ళీ ఆడతారు. కొన్ని జబ్బులలో తీవ్రమైన పోటీలు మాని తేలికైన ఆటలు ఆడవచ్చు. ఆట పూర్తిగా మానవలసినవారికి శిక్షణ, స్కోరింగు, అంపైరింగు వంటి దారులు తెరచి ఉంచాలి. ఆ సంగతి తల్లిదండ్రుల సమక్షంలో వారికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి గాని, ఫోనులో వచ్చిన ఒక పంక్తిని పిల్ల చేతికి ఇచ్చి పంపరాదు.

రెండవ పరీక్షకు ఎక్కడికి పోవాలి? భద్రాచలం నుండి ఖమ్మం దాదాపు 120 కిలోమీటర్లు, హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైమాటే. భద్రాచలం రోడ్ అని పేరున్న రైల్వేస్టేషను నిజానికి కొత్తగూడెంలో ఉన్నది. వర్షాకాలంలో గోదావరి 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక వస్తుంది. 2022 జూలైలో 71 అడుగులు దాటి దారులన్నీ మునిగాయి. కూలిపనికి పోయే తండ్రి రెండురోజుల కూలి వదులుకొని, బస్సు ఛార్జీలు పెట్టుకొని పిల్లను తీసుకుపోవాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు ఏడాదికొకసారి బడులకు వస్తాయి. పుట్టుకతో వచ్చిన గుండెజబ్బులు, రుమాటిక్ గుండెజబ్బు వారు చూడవలసిన జాబితాలోనే ఉన్నాయి. శస్త్రచికిత్సకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉన్నది. అంటే తొలి మెట్టూ, చివరి మెట్టూ ఉన్నాయి. మధ్యలో పిల్లను ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చే మనిషి, ప్రయాణ ఖర్చు, తేదీ వేసిన చీటీ కావాలి. దూరం నుండి చేసే పరీక్షలు విఫలమయ్యేది సాంకేతిక లోపం వలన కన్నా ఈ మధ్యమెట్టు లేకపోవడం వలననే ఎక్కువ.

అన్ని పరీక్షలూ దాటిన గుండె కూడా మైదానంలో ఆగిపోవచ్చు. గుండె రక్తనాళం పుట్టుకతోనే తప్పుచోట మొలిచి ఉంటే ఇ.సి.జి. చూపదు. ఛాతీకి బంతి బలంగా తగిలి లయ తప్పితే దానిని ముందుగా చెప్పగల పరీక్షే లేదు. గుండె ఆగిన తరువాత సహాయం అందకుండా గడిచే ప్రతి నిమిషానికి బ్రతికే అవకాశం నూటికి ఏడు నుండి పది వంతుల చొప్పున తగ్గుతుంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనం ఎంత వేగంగా వచ్చినా అడవి దారిలో ఆ నిమిషాలలో చేరలేదు. ఆ సమయంలో పక్కన ఉండేవారు తోటి ఆటగాళ్లే. ఛాతీ మధ్యలో రెండు చేతులు ఉంచి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కడం పదో తరగతి పిల్లలు ఒక పూటలో నేర్చుకోగలరు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ శిక్షణను రాష్ట్రమంతటా చేపట్టింది. గుండెకు విద్యుత్ ఘాతం ఇచ్చి లయను సరిచేసే పెట్టె ఒకటి బడిలో ఉంటే ఇంకా మంచిది. అది ఏ గదిలో ఉన్నదో, ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మైదానంలో ఆడే ప్రతి పిల్లకూ తెలిసి ఉండాలి.

ప్రశ్నలు

I. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఐంథోవెన్ గుండె సంకేతాలను దేనిద్వారా ప్రయోగశాలకు రప్పించాడు?
2. అరగొండ ఏ జిల్లాలో ఉన్నది?
3. రుమాటిక్ జ్వరం గుండెలోని ఏ భాగాన్ని చెడగొడుతుంది?

II. సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ఇటలీ, ఇజ్రాయెల్ దేశాల అనుభవాలలోని భేదాన్ని తెలపండి.
2. కుటుంబంలోని ఆకస్మిక మరణాలను గురించి అడిగేటప్పుడు ఎందుకు ఓపిక వహించాలి?

III. వ్యాసరూప సమాధానం రాయండి.
1. "మొదటి ఇ.సి.జి. తీర్పు కాదు, ప్రశ్న మాత్రమే" అన్న వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.